కొత్త కంప్యూటర్‌లో పాత విండోస్: అల్లుడికి ఒక లేఖ

కడప

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

ప్రొద్దుటూరులో నీ డీటీపీ షాపుకు కొత్త కంప్యూటర్ వచ్చిందనీ, అందులోని విండోస్ 11 మీద పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాము సరిగ్గా నడవడం లేదనీ, దాన్ని తుడిచేసి విండోస్ 10 గానీ, కుదిరితే నీ చేతికి అలవాటైన విండోస్ 7 గానీ వేసుకుంటాననీ నిన్న ఫోనులో అన్నావు. నేను చెప్పినదాంట్లో సగం నీ ప్రింటర్ చప్పుడులో కలిసిపోయింది కనుక రాసి పంపుతున్నాను.

చేతిలో ఉన్న పెళ్లిపత్రికలు పాత కంప్యూటర్ మీదే ముగించు. కొత్తదాన్ని అప్పటిదాకా తుడవవద్దు. పేజ్‌మేకర్ అసలు తెరుచుకోవడం లేదా, తెరుచుకున్నాక ‘అను’ తెలుగు ఫాంట్లలో ఒత్తులు చెదురుతున్నాయా, లేక పాత ప్రింటర్‌కు డ్రైవర్ (దాన్ని విండోస్‌తో కలిపి నడిపించే చిన్న ప్రోగ్రాము) కుదరడం లేదా అన్నది నీవు నాకు చెప్పలేదు. ఈ మూడూ వేర్వేరు జబ్బులు, వీటిలో ఒక్కదానికైనా విండోస్ మార్చడమే మందు అని ముందుగా అనుకోకూడదు. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. అంత పాత ప్రోగ్రామును దాని కాలం నాటి విండోస్‌లో ఉన్నట్టు నమ్మించే ఏర్పాటు విండోస్ 11లోనే ఉంది. ఐకాన్ మీద కుడి క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ ట్యాబ్ తెరిచి, విండోస్ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 3 ఎంచుకుని, కింద అడ్మినిస్ట్రేటర్ అన్న గడిలో టిక్కు పెట్టి ఒకసారి నడిపి చూడు.

బావ ఇప్పటికీ వదలని ఆ డాస్ (విండోస్‌కు ముందటి వ్యవస్థ) కాలపు లెక్కల ప్రోగ్రాము కోసమే వెనక్కి వెళ్లాలనుకుంటున్నట్లయితే శ్రమ వృథా. పదహారు బిట్ల ప్రోగ్రాములు 64 బిట్ల విండోస్ దేని మీదా నడవవు; అందరూ వేసుకునే విండోస్ 10 కూడా 64 బిట్లదే. దానికి డాస్‌బాక్స్ అనే ప్రోగ్రాము చాలు, డబ్బు పెట్టనక్కరలేదు.

విండోస్ 7 ఆలోచన మాత్రం మానుకో. దానికి మైక్రోసాఫ్ట్ 2020 జనవరి 14తోనే మద్దతు, అంటే భద్రతా లోపాలను సరిదిద్దడం, ఆపేసింది. అది ఒక్కటే అయితే సర్దుకోవచ్చు గానీ, ఆ విండోస్‌లో యూఎస్‌బీ 3కు, ఎన్‌వీఎంఈ అనే కొత్త రకం డిస్కుకు డ్రైవర్లే లేవు; ఇన్‌స్టాల్ తెర వచ్చాక మౌస్ కదలదు, కీబోర్డు పలకదు, ఎదురుగా కూర్చుని చూడటం తప్ప చేయగలిగేది ఉండదు. నీ దగ్గర డబ్బాతో సహా కొన్న విండోస్ 7 డీవీడీ ఉంది కదా, దాన్ని వర్చువల్‌బాక్స్ అనే ప్రోగ్రాములో వేసుకో. విండోస్ 11 లోపలే ఒక కిటికీలో విండోస్ 7 నడుస్తుంది, రెండు జీబీ ర్యామ్ ఇస్తే దానికి సరిపోతుంది. ఆ కిటికీకి ఇంటర్నెట్ ఇవ్వకుండా, ఫైళ్లు అటూ ఇటూ తేవడానికి ఒక షేర్డ్ ఫోల్డర్ మాత్రం పెట్టుకో. నన్నడిగితే నీ పనికి ఇదే సరైన దారి.

అయినా విండోస్ 10 వేసి తీరాలంటావా, ముందు నా పొరపాటు విను. కొన్నేళ్ల కిందట ఏడురోడ్ల దగ్గరి మా షాపుకు కొత్త ల్యాప్‌టాప్ కొన్న మర్నాడే, ఏదీ వేరే చోట కాపీ చేసుకోకుండా, విండోస్ 10 పెన్‌డ్రైవ్ పెట్టి కూర్చున్నాను. ఎక్కడ ఇన్‌స్టాల్ చేయాలని అడిగే తెర వచ్చింది గానీ, డిస్కుల పేర్లు ఉండవలసిన చోటు తెల్లగా ఖాళీగా ఉంది. డిస్కు చెడిపోయిందని భయపడ్డాను. చెడిపోలేదు. ఇంటెల్ పదకొండో తరం ప్రాసెసర్ల నుంచి చాలా యంత్రాలలో డిస్కు వీఎండీ అనే కంట్రోలర్ (డిస్కులను నడిపే భాగం) వెనుక ఉంటుంది, దాని డ్రైవర్ విండోస్ 10 ఇన్‌స్టాలర్‌లో లేదు. లోడ్ డ్రైవర్ అన్న మీట నొక్కి ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ అనే ఆ డ్రైవర్‌ను చూపించాలి. అది కూడా విప్పిన ఫోల్డర్‌గా, లోపల ఐఎన్‌ఎఫ్ ఫైలు కనబడేటట్టు ఉండాలి. ఆ సంగతి తెలిసి, డిస్కు కనబడి, పార్టిషన్లన్నీ (డిస్కులోని భాగాలన్నీ) తుడిచి, ఇన్‌స్టాల్ ముగించాక చూస్తే వైఫై గుర్తే లేదు. వైఫై డ్రైవర్ కావాలంటే ఇంటర్నెట్ కావాలి, ఇంటర్నెట్ కావాలంటే వైఫై డ్రైవర్ కావాలి. పక్క షాపు కంప్యూటర్‌లో దించుకుని వచ్చేసరికి రాత్రి పది దాటింది. తుడిచిన పార్టిషన్లలో విండోస్‌ను మళ్లీ ఎక్కించుకోవడానికి కంపెనీ ఇచ్చిన రికవరీ కూడా పోయిందని మరుసటి వారం తెలిసింది.

అందుకని నీవు అసలు డిస్కును తుడవనే వద్దు. నీది క్యాబినెట్ ఉన్న డెస్క్‌టాప్; 256 జీబీ ఎస్‌ఎస్‌డీ ఒకటి వేరుగా కొని, అసలుదాన్ని విప్పి కవరులో పెట్టి పైన తేదీ రాసి బీరువాలో దాచి, కొత్త డిస్కు మీద విండోస్ 10 వేసుకో. విప్పితే వారంటీ ఏమవుతుందో అమ్మినవారిని ముందే అడుగు. మోడల్ నంబరు పెట్టి కంపెనీ సైటు నుంచి నెట్‌వర్క్, డిస్కు, డిస్‌ప్లే డ్రైవర్లు విండోస్ 10కు ఉన్నాయో లేవో చూసి, ఉంటే ఒక పెన్‌డ్రైవ్‌లోకి దించుకో. లేవంటే అక్కడే ఆగిపో. విండోస్‌ను మైక్రోసాఫ్ట్ సైటులోని మీడియా క్రియేషన్ టూల్‌తోనే ఎనిమిది జీబీల మరో పెన్‌డ్రైవ్ మీద చేసుకో. బజారులో యాక్టివేషన్‌తో సహా దొరికేవాటిని షాపులోకి రానివ్వకు. డిస్కుకు తాళం లాంటి బిట్‌లాకర్ తాలూకు 48 అంకెల రికవరీ కీ నీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటే కాగితం మీద రాసుకుని అదే కవరులో పెట్టు.

పది రోజుల్లోపు గో బ్యాక్ నొక్కితే చాలని షాపు కుర్రాడు చెప్పాడన్నావు. అది పాత విండోస్ నుంచి 11కు మారినవారికి. 11తోనే పుట్టిన యంత్రానికి వెనక్కి వెళ్లడానికి అందులో ఏమీ ఉండదు. లైసెన్సు సంగతి కూడా ఉంది. సెట్టింగ్స్‌లో అబౌట్ తెరిచి చూడు: విండోస్ 11 ప్రో అయితే 10 ప్రో వాడుకునే హక్కు ఆ లైసెన్సులోనే ఉంటుంది, హోమ్ అయితే ఉండదు.

విండోస్ 10కు కూడా 2025 అక్టోబరు 14తో మామూలు మద్దతు ముగిసింది. రోజూ పదిమంది తమ పెన్‌డ్రైవ్‌లు తెచ్చి గుచ్చే షాపు నీది, వారి ఆధార్ కాగితాలూ ఆన్‌లైన్ దరఖాస్తులూ నీ చేతి మీదుగా పోతాయి. కనుక విండోస్ 10 వేసిన యంత్రం మీద పేజ్‌మేకర్, ప్రింటు తప్ప మరేమీ చేయకు, డ్రైవర్లు ఎక్కించాక నెట్ తీగ పీకేసెయ్. ఆన్‌లైన్ పనికి విండోస్ 11 ఉన్న వేరే యంత్రం తప్పదు. ఆ ఖర్చు లెక్క వేసుకున్నాక కూడా వర్చువల్‌బాక్స్ కంటే ఇదే మేలనిపిస్తే, మోడల్ నంబరు ఫోటో తీసి పంపు. డ్రైవర్లు నేనే వెతికి పెడతాను, ఆదివారం బస్సెక్కి వచ్చి తీసుకుపో.

ఇట్లు,
మామ