స్కైలాబ్, మా నాయనమ్మ కోళ్ళు, బాబాయి అప్పు

పాత పేపర్లలో హెడ్డింగులు ఇప్పుడు చూస్తే నవ్వొచ్చేవి ఏమున్నాయి, అప్పట్లో అవి చదివి జనం ఏమేం ఊహించుకున్నారు అని అడిగారు కదా. నాకైతే ముందు గుర్తొచ్చేది స్కైలాబే, అదే అమెరికా వాళ్ళ అంతరిక్ష కేంద్రం.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. పోయినేడు పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే వంటింటి అలమరలో డబ్బాల కింద పరిచిన పేపరు బయటపడింది, నూనె మరకలు పోగా, బొద్దింకలు తిన్నది పోగా, పైన పెద్దక్షరాల్లో స్కైలాబ్ అన్న మాట ఒక్కటీ మిగిలుంది. 1979 జులై నాటిది. నేను అది పట్టుకుని ఒక్కణ్ణే నవ్వుకుంటుంటే మా ఆవిడ వచ్చి దుమ్ము తలకెక్కిందా ఏంటి అంది.

అప్పుడు నేను నాలుగో క్లాసు. మా ఊరికి పేపరు మధ్యాహ్నం బస్సులో వచ్చేది, టీకొట్టు దగ్గర ఒకాయన పైకి చదివితే మిగతావాళ్ళు వినేవాళ్ళు. అమెరికా వాళ్ళు 1973లో ఆకాశంలోకి పంపిన 77 టన్నుల ఇనుము కిందికి దిగిపోతోందంట, ఎక్కడ పడేదీ ఇప్పుడే చెప్పలేమంట, ఇదీ వార్త. టీకొట్టు దగ్గర "మనూళ్ళో కూడా పడొచ్చు" అన్న మాట చెరువుగట్టు దాటేసరికి "మనూళ్ళో పడుద్ది" అయింది, మా వీధికొచ్చేసరికి రామాలయం మీదా స్కూలు మీదా అని వాదన నడుస్తోంది. స్కూలు మీదే పడాలని నేను దణ్ణం పెట్టుకున్నా, ఎందుకంటే ఆ వారం ఎక్కాలు అప్పజెప్పాలి. ఎవరో ఒకరికి తగిలే ఛాన్సు 152లో ఒకటి అని నాసా లెక్క కట్టింది. భూమ్మీదున్న అంతమందిలో ఆ ఒక్కడూ మావాడే అని మా ఊరు తీర్మానించేసుకుంది.

ఎలాగూ పోతాం కదా అని అందరూ తిండి మీద పడ్డారు. మా నాయనమ్మకి తొమ్మిది కోళ్ళుండేవి, తాతయ్య రోజుకొకటి చొప్పున కోయించాడు, పండక్కి కూడా ముక్కలు లెక్కపెట్టి వేసే మనిషి "తినండ్రా, తినండి" అంటుంటే మాకు స్కైలాబ్ కంటే తాతయ్యని చూస్తేనే భయమేసింది. చివరికి పొదుగు మీదున్న పెట్ట ఒక్కటి మిగిలింది. దాని గంప మీద చెయ్యేస్తే ఊరుకోనని నాయనమ్మ అడ్డం కూర్చుంది. "అది గుడ్ల మీదుందయ్యా, అమెరికావోడు పడేసేది పడేసుకోనీ, ఇది లేవదు" అంది.

మా బాబాయిది ఇంకో లెవెల్. కిరాణా కొట్టు శెట్టిగారికి అప్పటికే పాత బాకీ ఉంది, అది తీర్చకపోగా బెల్లం, శనగపిండి, నెయ్యి కొత్తగా ఖాతాలో రాయించుకొచ్చాడు, "శుక్రవారం ఇస్తాలే శెట్టిగారూ" అని. స్కైలాబ్ పడేది బుధవారం.

11వ తారీఖు రాత్రి మంచాలన్నీ వసారా కింద వేసుకున్నాం, పైనుంచి 77 టన్నులు పడితే వసారా ఏం కాపాడుతుందో ఎవరూ అడగలేదు. మనకి పది దాటాక అది హిందూ మహాసముద్రంలోనూ ఆస్ట్రేలియా పడమటి మూల ఎస్పరెన్స్ అనే ఊరి చుట్టుపక్కలా ముక్కలై పడింది, ఎవరికీ దెబ్బ తగల్లేదు. అక్కడి పదిహేడేళ్ళ కుర్రాడొకడు ఇంటి దగ్గర దొరికిన ముక్కలు తీసుకుని శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్ళి, అక్కడి పేపరు ప్రకటించిన పదివేల డాలర్ల బహుమతి కొట్టేశాడు. మాకు మాత్రం ఎనిమిది కోళ్ళు పోయాయి.

శుక్రవారం పొద్దున్నే శెట్టిగారు చంకలో ఖాతా పుస్తకంతో మా గుమ్మంలో నిలబడ్డారు. ఏమీ అనలేదు, ఆకాశం వైపు ఒకసారి, బాబాయి వైపు ఒకసారి చూశారంతే. బాబాయి సంక్రాంతికి గానీ తీర్చలేకపోయాడు.

తమాషా ఏంటంటే నాలుగు రోజులు తిరక్కుండా 15న ప్రధాని మొరార్జీ దేశాయ్ రాజీనామా చేశారు, ప్రభుత్వం పడిపోయింది. పక్కింటి పెద్దమ్మకి ఎవరో "పడిపోయిందంట" అని చెబితే "ఎక్కడ పడింది నాయనా" అంది కంగారుగా. "ఢిల్లీలో" అన్నారు. "అయ్యో, ఎంతమంది పోయారో" అని పాపం కళ్ళు తుడుచుకుంది.

ఇక్కడొక మాట చెప్పాలి, బాబాయి ఒక్కణ్ణే అనడానికి లేదు. తమ ఊళ్ళో చెత్త పోసినందుకు ఎస్పరెన్స్ వాళ్ళు నాసాకి 400 డాలర్లు ఫైన్ రాశారు, సరదాకే అనుకోండి, నాసా కట్టలేదు. ముప్పై ఏళ్ళ తర్వాత 2009లో అమెరికాలో ఒక రేడియో ఆయన శ్రోతల దగ్గర చందాలు పోగేసి ఆ బాకీ తీర్చాడు. ఆ లెక్కన మా బాబాయి చాలా నయం.

తర్వాత 1995 సెప్టెంబర్‌లో వినాయకుడు పాలు తాగిన రోజు మా వీధిలో కాఫీకి చుక్క పాలు దొరకలేదు, స్వామి ఇలాగే రోజూ తాగితే మా గేదెని గుడికి రాసివ్వాలేమో అని లెక్కలేసుకున్నాం. వై2కె అప్పుడు ఇంకా ఘోరం, కంప్యూటర్లు 2000ని 1900 అనుకుంటాయని చదివి, అప్పటికి నాయనమ్మ పుట్టనే లేదు కదా, ఇన్నాళ్ళు తీసుకున్న పెన్షన్ వెనక్కి కట్టమంటారేమో అని నాన్న నిజంగానే భయపడ్డారు.

2008కి నేను హైదరాబాద్‌లో ఉద్యోగం. జెనీవా దగ్గర 27 కిలోమీటర్ల సొరంగంలో పెద్ద మిషను ఆన్ చేస్తారు, బ్లాక్ హోల్ పుట్టి భూమిని మింగేస్తుంది అని పేపర్లూ టీవీలూ ఒకటే గోల. సెప్టెంబర్ 10న ఆన్ చేశారు, తొమ్మిది రోజులకి అదే రిపేరొచ్చి ఆగిపోయింది. నా బైకు ఈఎంఐ తారీఖు కూడా 10వ తారీఖే, చూద్దాంలే అని అకౌంట్‌లో డబ్బులు వెయ్యలేదు. చెక్కు బౌన్సయింది. ఇంట్లో చెబితే నాన్న "అచ్చం మీ బాబాయివేరా" అన్నారు.

ఆ పొదుగు పెట్ట సంగతి మర్చిపోయా, పదకొండు పిల్లల్ని లేపింది. ఊళ్ళో అందరూ కోళ్ళు కోసుకు తినేశారు కదా, మళ్ళీ పెంచుకోడానికి పిల్లలు కావాలంటే మా ఇంటికే రావాలి. శెట్టిగారు కూడా వచ్చారు, నాయనమ్మ రొక్కం ఇస్తేనే ఇచ్చింది.