ఇది ఆరు నెలల ఖర్చు కాదండి, ముందు కార్డు గీకడం ఆపండి

ఒక పాఠకుడు రాశారు. వాళ్లావిడకి 31 ఏళ్లు, మూడేళ్లుగా లూపస్ ఉంది, అంటే రోగనిరోధక వ్యవస్థ సొంత ఒంటి మీదే దాడి చేసే జబ్బు. ఈమధ్య కాళ్లకీ కళ్ల చుట్టూ వాపులు, మూత్రంలో నురగ. టెస్ట్ చేస్తే ప్రోటీన్ బాగా పోతోందని తేలింది, కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి చూసే బయాప్సీలో క్లాస్ 4 లూపస్ నెఫ్రైటిస్ అని వచ్చింది, అంటే లూపస్ కిడ్నీలని గట్టిగా పట్టుకుంది. స్టెరాయిడ్, రోగనిరోధక శక్తిని అణిచే మైకోఫెనోలేట్ మాత్రలు మొదలుపెట్టారు, మొదటి ఆరు నెలలు గట్టి ట్రీట్‌మెంట్ ఉంటుందని డాక్టర్ చెప్పారు. ఆరు నెలలే కదా అని ఈయన మందులూ టెస్టులూ అన్నీ క్రెడిట్ కార్డు మీద పెట్టి ప్రతి నెలా మినిమం డ్యూ, అంటే బిల్లులో కనీస మొత్తం మాత్రమే కడుతూ వచ్చారు, అది చాలక లోన్ యాప్‌లో కూడా తీసుకున్నారు. బ్యాంకు డిపాజిట్, మ్యూచువల్ ఫండ్స్ మాత్రం ముట్టుకోలేదు. ఇప్పుడేమో పెద్ద పర్సనల్ లోన్ తీసుకుని ఇవి తీర్చేసి, మిగిలింది షేర్లలో పెడితే ఆ లాభంతో మందులు వచ్చేస్తాయా అని అడుగుతున్నారు.

వద్దండి. అప్పు తెచ్చి షేర్లలో పెట్టి ఆ లాభంతో కిడ్నీ మందులు కొనడం ప్లాన్ కాదు. మార్కెట్ పడిన నెలలో కూడా మాత్రలు కొనాలి, ఈఎమ్ఐ కూడా కట్టాలి, అప్పుడేం చేస్తారు?

మీ లెక్క మొదట్లోనే తప్పింది, చాలామంది ఇళ్లలో ఇదే జరుగుతుంది కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నా. డాక్టర్ చెప్పిన ఆరు నెలలు మొదటి దశ మాత్రమే. ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థే కిడ్నీలో రక్తం వడగట్టే భాగాల మీద దాడి చేస్తోంది, ఆ మంటని ముందు గట్టి డోసుతో అణచాలి, తర్వాత మళ్లీ రేగకుండా తక్కువ డోసులో మందులు ఏళ్ల తరబడి నడుస్తాయి. రెండు దశలూ కలిపి కనీసం 36 నెలలు అని కిడ్నీ జబ్బుల వైద్యానికి అంతర్జాతీయంగా వాడే 2024 కేడిగో గైడ్‌లైన్స్ చెబుతున్నాయి. లూపస్‌కి వాడే హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మాత్ర ఆ తర్వాత కూడా ఉంటుంది, దానికి కంటి పరీక్షలు వేరే. యూరిన్ ప్రోటీన్, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ అనే రక్తపరీక్ష, బీపీ చూపించుకోవడం ఎలాగూ తప్పదు. అంటే ఇది హాస్పిటల్ బిల్లులా ఒకసారి కట్టేసి మర్చిపోయేది కాదు, ఇంటి అద్దెలాంటిది. అద్దె ఎవరైనా కార్డు మీద మినిమం డ్యూతో కడతారా?

మీరు పంపిన స్టేట్‌మెంట్ చూశాను. కట్టిన దాంట్లో ఎక్కువ భాగం వడ్డీకే పోయింది, దాని కింద లైన్లోనే ఈ నెల మందుల బిల్లు కొత్తగా ఎక్కింది. పాత బాకీ ఉండగా కొత్త బిల్లుకి వడ్డీ లేని గడువు సాధారణంగా ఉండదు, కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. డిపాజిట్ మీద వచ్చే వడ్డీ కోసం అంతకి ఎన్నో రెట్లు వడ్డీ కడుతున్నారు మీరు! ఈ వారమే డిపాజిట్ తీసి ముందు ఆ యాప్ లోన్, తర్వాత కార్డు క్లోజ్ చేయండి. యాప్ ఫోన్లోంచి కూడా తీసేయండి, దయచేసి.

తర్వాత అసలు విషయం, ఎమర్జెన్సీ ఫండ్. మామూలుగా అందరికీ ఆరు నెలల ఇంటి ఖర్చు చాలంటాను, మీకు చాలదు. పన్నెండు నెలల ఇంటి ఖర్చు, దానికి వేరుగా ఇంకో ఖాతాలో పన్నెండు నెలల మందులూ టెస్టులూ. గత మూడు నెలల బిల్లులు ముందేసుకుని సగటు తీయండి, మొదటి దశ బిల్లులు కాబట్టి కొంచెం ఎక్కువే వస్తుంది, రానివ్వండి. ఎందుకింత అంటే ఈ జబ్బు తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెట్టొచ్చు, అప్పుడు మళ్లీ బయాప్సీ, డ్రిప్‌లో ఎక్కించే మందులు, ఆవిడకి జీతం లేని సెలవులు అన్నీ ఒకేసారి మీద పడతాయి. రోగనిరోధక శక్తిని అణిచే మందులు కదా, మామూలు ఇన్ఫెక్షన్‌కి కూడా అడ్మిట్ అవ్వాల్సి రావచ్చు. కిడ్నీ పూర్తిగా దెబ్బతింటే డయాలసిస్ దాకా వెళ్తుంది. డబ్బు లేక మాత్రలు ఒక వారం ఆపితే ఏమవుతుందిలే అనుకునే రోజు మీ ఇంట్లో రాకూడదు, ఈ ఫండ్ అందుకే. అది నిండేదాకా మ్యూచువల్ ఫండ్స్‌లో కొత్తగా పెట్టడం ఆపండి, ఉన్నవి అలాగే వదిలేయండి, డిపాజిట్ చాలకపోతేనే కొంత అమ్మండి.

కొత్త హెల్త్ పాలసీలో లూపస్ సంగతి రాయకుండా తీసుకుందామన్నారు. అస్సలు వద్దు, బయాప్సీ రిపోర్ట్ ఒక్కటి బయటపడితే క్లెయిమ్ పోతుంది, కట్టిన ప్రీమియం కూడా దండగ. ఆవిడ ఉద్యోగం మానాలనుకుంటున్నారని కూడా రాశారు, ఆరోగ్యం సహకరించకపోతే మానాల్సిందే, కానీ రాజీనామా పెట్టే ముందు ఆఫీసు ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉంటుందో, జీతం లేని సెలవులో ఉన్నా కొనసాగుతుందో హెచ్‌ఆర్ దగ్గర మెయిల్లో రాయించుకోండి.

పిల్లల గురించి చివర్లో ఒక లైన్ రాశారు. మైకోఫెనోలేట్ మీద ఉండగా గర్భం రాకూడదు, జబ్బు కనీసం ఆరు నెలలు సద్దుమణిగి ఉండాలి, ముందే మందు మార్చాలి, అది మీ డాక్టర్ చెప్పాల్సిన విషయం. నా వైపు నుంచి అడిగేది, ఆ మందు మార్చే రోజుకి ఈ రెండు ఖాతాలూ నిండి ఉండేలా చూసుకోండి. షేర్ల మాట ఆ తర్వాత అడగండి, చెప్తాను.