మాత్ర మానేసి వడ్డీ కట్టొద్దు

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. మా ఆయన బట్టల కొట్టులో గుమాస్తా, వయసు 45. రక్త క్యాన్సర్ వస్తే ఏడు నెలల కిందట వెల్లూరులో స్టెమ్ సెల్ మార్పిడి చేశారు. మా అబ్బాయే కణాలిచ్చాడు. ఒంటి మీద జీవీహెచ్‌డీ, అంటే ఇచ్చిన కణాలు ఒంటితో పోరాడటం వల్ల వచ్చే మచ్చలున్నాయని మాత్రలు ఇంకా వాడమన్నారు. ప్రోనోట్ల మీద నాలుగు లక్షల అప్పుంది, నూటికి మూడు రూపాయల వడ్డీ. కొంత బంగారం ప్రైవేటు ఫైనాన్స్‌లో కుదువ పెట్టి రెండు లక్షలు తెచ్చాం, ఏడాదికి 15 శాతం. నా కుట్టుమిషను మీద నెలకు 9,000 వస్తాయి, కొట్టు యజమాని 5,000 ఇస్తున్నారు. మందులకూ వెల్లూరు తిరగడానికీ 10,000, ఇంటి ఖర్చు 8,000. మొన్న బీరువా సర్దుతుంటే చొక్కాల కింద ఆ మాత్రలవే, రెండు సిక్లోస్పోరిన్ స్ట్రిప్పులు దొరికాయి. రోజు విడిచి రోజు వేసుకుంటున్నారట. అడిగితే అరిచారు, తర్వాత ఏడ్చారు. ఊళ్లో ఉన్న ఎకరన్నర అమ్మేద్దామంటున్నారు. డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఉన్న మా వాడు చదువు మానేసి బెంగళూరు పోతానంటున్నాడు. ఇంట్లో ఇంకా ఏడు తులాల బంగారం ఉంది, అది పాప పెళ్లికని దాచింది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదువుతూ ఆ రెండు స్ట్రిప్పుల దగ్గర ఆగిపోయాను. అప్పుల సంగతి తర్వాత చూద్దాం. ఈ ఉత్తరం చదవడం అయిపోగానే వెల్లూరు డాక్టరుకు ఫోన్ చేసి, ఎన్ని రోజులుగా ఎన్ని మాత్రలు తప్పాయో దాచకుండా చెప్పండి. తప్పిన మాత్రలు ఇప్పుడు కలిపి వేయొద్దు. ఏం చేయాలో వాళ్లే చెబుతారు, బహుశా రక్తంలో మందు ఎంతుందో పరీక్ష చేయిస్తారు. మీ అబ్బాయి కణాలు తండ్రి ఒంటిని ఇంకా పూర్తిగా తమదనుకోలేదు. ఆ మచ్చలు అందుకే. వాటిని అదుపులో ఉంచుతున్నది ఆ మాత్రే. అది తగ్గితే జబ్బు చర్మంతో ఆగకుండా పేగులకూ కాలేయానికీ పాకవచ్చు. అప్పుడు మళ్లీ ఆసుపత్రిలో చేరాల్సి వస్తుంది, మిగిల్చాననుకున్న వందలకు లక్షలు కట్టాల్సి వస్తుంది.

ఆయన మీద కోపం పెట్టుకోకండి. ఇంటికి భారమయ్యానని కుమిలిపోయే మనిషి తన చేతిలో ఉన్న ఒకే ఒక్క ఖర్చు తగ్గించుకున్నాడు, అంతే. ఇంకొకటి, ఆయన స్టెరాయిడ్ కూడా వాడుతుంటే నిద్ర పట్టకపోవడం, ఊరికే అరవడం, ఏడవడం ఆ మందు వల్ల కూడా ఉండొచ్చు. ఫోన్‌లో అది కూడా చెప్పండి. మనసు మరీ బరువైనప్పుడు 14416కు చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. ఆయనకే కాదు, మీకు కూడా.

ఇప్పుడు లెక్క. నాలుగు లక్షలకు మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు 12,000. కుదువ బంగారానికి ఇంకో 2,500. వచ్చేది 14,000, వడ్డీకే 14,500. బియ్యం కొనకముందే ఐదొందలు లోటు. ఆయనకు ఈ లెక్క తెలుసు కాబట్టే మాత్రలు చొక్కాల కిందికి పోయాయి.

ఏడాదికి ఆ ప్రోనోట్ల వడ్డీ ఒక్కటే 1,44,000. ఇవాళ్టి ధరలో కూడా అది దాదాపు ఒక తులం. అంటే పాప పెళ్లికని బీరువాలో ఏడు తులాలు కదలకుండా ఉంచి, ఏటా ఒక తులం వడ్డీవాడి చేతిలో పోస్తున్నారు. అందుకే నేను పొలం అమ్మొద్దంటాను, బంగారం అమ్మమంటాను. ఐదు తులాలు. రెండు ఉంచుకోండి.

ఈ మాట రాయడం నాకు తేలిక కాదు. మా నాన్నకు గుండె ఆపరేషన్ అయినప్పుడు మా అమ్మ నగలు ముట్టుకోనివ్వలేదు. మూడేళ్లు నూటికి రెండు రూపాయల చొప్పున వడ్డీ కట్టి, చివరికి ఆ నగలే అమ్మి అసలు తీర్చాం. ఆ మూడేళ్లూ మా నాన్న మందుల చీటీ పట్టుకుని, ఇందులో ఏది తప్పనిసరి అని షాపతన్ని అడగడం నేను పక్కన నిలబడి విన్నాను.

పొలం ఎందుకు వద్దంటే, మీకు అవసరమని ఊరంతా తెలుసు. అవసరం తెలిసినవాడు ధర విరిచి అడుగుతాడు, రిజిస్ట్రేషన్‌కు నెలలు తిప్పుతాడు. బంగారానికి ఆ బాధ లేదు. ధర బోర్డు మీదే ఉంటుంది, డబ్బు ఆ పూటే చేతికొస్తుంది. బంగారానికి పేరున్న ఊళ్లో ఉన్నారు, కనీసం మూడు కొట్లలో తూకం వేయించండి. రాళ్లున్న నగలు పక్కన పెట్టి గాజులు, గొలుసులు లాంటి సాదా వస్తువులు తీసుకెళ్లండి. తరుగు ఎంత తీస్తున్నారో ముందే అడగండి. బ్యాంకులో కుదువ పెట్టొచ్చు కదా అంటారేమో. ఆదాయం మళ్లీ ఎప్పుడు మొదలవుతుందో తెలియని ఇంట్లో కుదువ బంగారం వేలానికి పోతుంది. అమ్మితే కనీసం ధర మన చేతిలో ఉంటుంది.

తులం లక్ష దాటిన రోజులివి. వచ్చిన దాంట్లో నాలుగు లక్షలు ప్రోనోట్లకు కట్టేయండి. ఒక్కో నోటు వెనక ‘చెల్లు’ అని రాయించి, సంతకం, తేదీ పెట్టించి, నోటు చేతికి తీసుకున్నాకే డబ్బు ఇవ్వండి. తెలిసినవాళ్లే కదా, రేపిస్తారులే అనుకోవద్దు. మీ అబ్బాయిని పక్కన ఉంచుకోండి.

మిగిలే లక్షా ఆ పైన మొత్తం మీ పేరు మీద వేరే ఖాతాలో వేసి, దానికి మందుల ఖాతా అని పేరు పెట్టుకోండి. మరో పనికి దానిలోంచి తీయొద్దు. దాదాపు పది నెలల మందులకూ ప్రయాణాలకూ సరిపోతుంది. ఆ పాస్‌బుక్కు బీరువాలో కాదు, ఆయన చేతికివ్వండి. మాత్రల డబ్బు పక్కనే ఉందని రోజూ కళ్లతో చూస్తే ఆ మనిషికి వచ్చే ధైర్యం మీరూ నేనూ మాటలతో ఇవ్వలేం. ఈ ఖాతాలో టీకాలకూ కొంత ఉంచాలి. మార్పిడి తర్వాత చిన్నపిల్లలకు వేసే టీకాలు మళ్లీ మొదటి నుంచి వేయించుకోమంటారు, చాలామంది ఆ ఖర్చు ముందుగా లెక్కలోకి తీసుకోరు.

ఫైనాన్స్‌లో ఉన్న రెండు లక్షలు ప్రభుత్వ బ్యాంకుకు మార్పించండి. పది శాతానికి దొరికితే నెల వడ్డీ 1,700 లోపు. మందులు ఖాతాలోంచి పోతాయి కాబట్టి, 14,000లో ఇంటికి 8,000, వడ్డీకి 1,700 పోయినా నాలుగు వేల పైన మిగులుతాయి. డ్వాక్రా సంఘంలో ఉంటే ఆ అప్పు అడగొచ్చు గానీ, ఇప్పుడు కొత్త అప్పు మీద నాకు మనసొప్పడం లేదు.

వెల్లూరుకు ప్రతిసారీ కారు మాట్లాడుకుంటున్నట్టయితే ఇది చూడండి. చికిత్సకూ చెకప్‌కూ వెళ్లే క్యాన్సర్ రోగికి రైల్లో స్లీపరు, థర్డ్ ఏసీ టికెట్టు పూర్తిగా ఉచితం, వెంట వెళ్లేవారికి 75 శాతం తగ్గింపు. ఆసుపత్రి నుంచి రైల్వే ఫారంలో సంతకం, ముద్ర వేయించుకోవాలి. కడప నుంచి వెల్లూరు పక్కనున్న కాట్పాడికి రైలుంది. కాకపోతే జనంలో తిరగొచ్చో లేదో ముందు డాక్టరునడగండి. ఆయన వద్దంటే కారే మేలు, అక్కడ పిసినారితనం వద్దు. జనరిక్ మందుల సంగతీ అంతే. మిగతా మాత్రలు జన ఔషధిలో తక్కువకు దొరకొచ్చు, సిక్లోస్పోరిన్ కంపెనీ మాత్రం డాక్టరుకు చెప్పకుండా మార్చకండి.

ఆసుపత్రి బిల్లులన్నీ రెండు జతలు జిరాక్స్ తీసి, అసలు బిల్లులతో ఎమ్మెల్యే ఆఫీసులో ముఖ్యమంత్రి సహాయ నిధికి అర్జీ పెట్టండి. ఎంతొస్తుందో, ఎప్పుడొస్తుందో ముందే లెక్కలో వేసుకోవద్దు. అలాగే ఆయన పాస్‌బుక్‌లో మే నెలాఖరున ఏటా 436 రూపాయలు కట్ అవుతున్నాయేమో చూడండి. అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా, రెండు లక్షల కవరు. ఖాతాలో డబ్బు లేక అది ఆగిపోకూడదు.

ఇక మీ అబ్బాయి. ఆ పిల్లవాడు నాన్నకు తన ఒంట్లోంచి ఇచ్చాడు. ఇప్పుడు చదువు కూడా ఇచ్చేస్తానంటున్నాడు. వద్దని చెప్పండి. డిగ్రీ పూర్తి కావడానికి మిగిలింది నెలలే. చదువుకుంటూనే ఇంట్లో అతనికి ఒక పని అప్పగించండి, రాత్రి ఎనిమిదింటికి నాన్న మాత్రలు చేతికిచ్చి, క్యాలెండర్‌లో టిక్కు పెట్టడం. భార్య అడిగితే కసురుకునే మగవాళ్లు, కణాలిచ్చిన కొడుకు గ్లాసు నీళ్లతో నిలబడితే కాదనరు.

పాపకు కూడా బంగారం ఎందుకు అమ్ముతున్నారో మీరే కూర్చోబెట్టి చెప్పండి, పక్కింటివాళ్ల నోట వినకూడదు. ప్రోనోట్లు చేతికొచ్చిన రోజు నాకు ఒక్క ముక్క రాయండి. ఆ రెండు లక్షలు ఎలా తీర్చాలో అప్పుడు కూర్చుని చూద్దాం.