కెరీర్ మోడ్ మొదలుపెట్టే ముందు అల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

కొత్త ప్లేస్టేషన్ వచ్చిందనీ, బాస్కెట్‌బాల్ ఆటలో కెరీర్ మోడ్, అంటే ఒక ఆటగాడినో జట్టునో సీజన్ తరువాత సీజన్ పైకి తెచ్చే పద్ధతి, మొదలుపెట్టావనీ అక్క చెప్పింది. ఆ ఆటలో చెల్లే డబ్బు, వీసీ, కొనుక్కోవడానికి రెండు వేలు అడిగావట కూడా. ఆ డబ్బు సంగతి ఆఖరున మాట్లాడదాం. ముందు ఈ ఉత్తరం చదువు.

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర నేను వీడియో గేమ్ సెంటర్ నడిపిన సంగతి నీకు తెలుసు. తిప్పర్తి నుంచి ఒక కుర్రవాడు ఆదివారం ఆదివారం వచ్చేవాడు. ఫుట్‌బాల్ ఆటలో ఒక చిన్న క్లబ్బును పట్టుకుని, ఏడాదిన్నర పాటు సీజన్ తరువాత సీజన్ పైకి తెచ్చాడు. ఏ ఆటగాడు ఎన్ని గోల్స్ కొట్టాడో లెక్కల నోటు పుస్తకం వెనక రాసుకునేవాడు. పదిహేడేళ్ల డిఫెండర్ ఒకడు జట్టు కెప్టెన్ అయిన రోజు వాడి ముఖం నాకు ఇంకా గుర్తుంది. కెరీర్ మోడ్ అంటే నాకు అదే.

నీ ఆట ఎన్‌బీఏ 2కే ఏటా ఒకటి వస్తుంది. అందులో 2012లో వచ్చిన 2కే13తో ఈ వీసీ మొదలైంది. మ్యాచ్ ఆడితే కొంత వస్తుంది, అసలు డబ్బు పెట్టి కూడా కొనుక్కోవచ్చు. నీ ఆటగాడు అరవై దరిదాపుల రేటింగ్‌తో, అంటే నైపుణ్యానికి ఇచ్చే అంకెతో, మొదలవుతాడు. షూటింగ్ పెంచాలన్నా, పాస్ పెంచాలన్నా వీసీ కావాలి. బూట్లకూ బట్టలకూ కూడా అదే సంచిలోంచి తీయాలి. 2017లో వచ్చిన 2కే18లో క్షవరానికి కూడా వీసీ పెట్టారు. జనం మండిపడితే ధర తగ్గించారు.

మీ తోటలో బత్తాయి మొక్కలు కాపుకు రావడానికి ఎన్నేళ్లు పట్టిందో నీకు తెలుసు. మీ నాన్న రోజూ తోటకు వెళ్లి ఆకు తిప్పి చూసుకునేవాడు. మొక్క అమ్మినవాడే అది నెమ్మదిగా ఎదిగేలా చూసి, త్వరగా ఎదిగే మందు కూడా తానే అమ్మితే మీ నాన్న ఊరుకునేవాడా? ఈ ఆటలో జరిగేది అదే. ఎదుగుదల కోసమే నువ్వు కెరీర్ మోడ్‌లోకి వచ్చావు. ఆ ఎదుగుదలనే దుకాణంలో పెట్టారు. ఎంత నెమ్మదిగా ఎదగాలో నిర్ణయించేది కూడా ఆ దుకాణం వాళ్లే.

అందుకని ఇలా చెయ్యి. మొదటి పదిహేను మ్యాచులు పైసా పెట్టకుండా ఆడు. ఒక్కో మ్యాచుకు ఎంత వీసీ వచ్చిందో పుస్తకంలో రాయి. తరువాతి మెట్టుకు ఎంత కావాలో చూసి భాగించు. ఎన్ని వారాలు పడుతుందో నీకే తెలుస్తుంది. కష్టం స్థాయి తగ్గిస్తే వీసీ కూడా తగ్గుతుంది, కాబట్టి చేయి తిరిగాక స్థాయి పెంచు. వేరేవాళ్లతో కలిసి ఆడే ఆన్‌లైన్ పార్కు జోలికి ఇప్పుడే వెళ్లవద్దు. అక్కడ డబ్బు పెట్టి పెంచుకున్నవాళ్లు అరవై రేటింగ్ వాడిని జట్టులో చేర్చుకోరు. కొనాలనే కోరిక ఎక్కువగా పుట్టేది అలా చిన్నబోయినప్పుడే. పార్కులో అవమానపడి వచ్చి, వాళ్ల నాన్న జేబులోంచి ఏటీఎం కార్డు తెచ్చిన పిల్లలను నేను చూశాను. కార్డు వివరాలు ప్లేస్టేషన్‌లో దాచి ఉంచవద్దు.

ఇంకో మాట. కొన్న వీసీ వచ్చే ఏడాది ఆటలోకి రాదు. ఏటా సెప్టెంబరులో కొత్త ఆట వస్తుంది, అంటే ఫిబ్రవరిలో కొన్నది ఏడు నెలల ముచ్చట. పాత ఆట సర్వర్లు కూడా ఒకనాటికి మూస్తారు. 2కే14 సర్వర్లు 2015 మార్చి ఆఖరున మూసినప్పుడు చాలామంది కెరీర్లు తెరుచుకోలేదు. గోల చేశాక కంపెనీ మళ్లీ తెరిచింది.

లెక్క చూశాక అన్ని వారాలు ఓపిక పట్టలేననిపిస్తే, అదే డిస్కులో మైఎన్‌బీఏ అనే మోడ్ ఉంది. జట్టు మొత్తాన్ని నడిపించవచ్చు, ఆటగాళ్లు ఎదగడానికి వీసీ అక్కర్లేదు. నాకైతే అదే నచ్చుతుంది.

ఫుట్‌బాల్ ఆటల్లో బాధ వేరు. ఈఏ సంస్థ తీసిన ఫిఫా ఆటలో, ఆటగాళ్ల కార్డులు కూడబెట్టి జట్టు కట్టుకునే అల్టిమేట్ టీమ్ మోడ్ 2009లో వచ్చింది. ఆ కార్డులను అసలు డబ్బుతో కూడా కొనుక్కోవచ్చు. 2021 ఆర్థిక సంవత్సరంలో ఈఏ సంస్థ ఆ కార్డుల మోడ్‌ల మీద 162 కోట్ల డాలర్లు సంపాదించింది. అంత రాబడి అక్కడ ఉంటే కెరీర్ మోడ్ మీద శ్రద్ధ ఎంత మిగులుతుంది? ఈఏ వాళ్లదే అమెరికన్ ఫుట్‌బాల్ ఆట మ్యాడెన్‌లో, జట్టును నడిపించే ఫ్రాంచైజ్ మోడ్‌ను పట్టించుకోవడం లేదని 2020లో అభిమానులు గట్టిగా గొంతెత్తారు. వేరే కంపెనీ ఆట పీఈఎస్ పేరు మార్చుకుని 2021లో ఈఫుట్‌బాల్‌గా ఉచితంగా వచ్చినప్పుడు, అందులో దాని కెరీర్ మోడ్ మాస్టర్ లీగ్ లేనే లేదు. ఎన్నో ఏళ్లు మా సెంటర్‌లో పిల్లలు ప్రాణంగా ఆడిన మోడ్ అది. అది లేదని తెలిసిన రోజు నేను నిజంగా బాధపడ్డాను. ఫుట్‌బాల్ కావాలనుకుంటే కొత్తది కొనకు, తక్కువ ధరకు దొరికే నిరుటి డిస్కు తెచ్చుకో.

పదిహేను మ్యాచుల లెక్క రాసి ఫోటో పంపు. ఆ రెండు వేల గురించి అప్పుడు మీ అమ్మతో నేను మాట్లాడతాను.

మీ మామయ్య