పెళ్లి, ప్రార్థన: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా సంఘం యూత్‌లో పరిచయమైన అబ్బాయి "ప్రార్థనలో దేవుడు నిన్నే చూపించాడు" అంటున్నాడు. మంచివాడే గానీ, నాకు అలాంటి నిశ్చయత కలగలేదు. కాదంటే దేవుని చిత్తానికి ఎదురెళ్లినట్టా?

జవాబు: కాదు సహోదరీ. అతనికి కలిగిన నడిపింపు మీకు ఆజ్ఞ కాదు. ఆదికాండము 24వ అధ్యాయం తీయండి. అబ్రాహాము తన కొడుక్కి పెళ్లికూతురిని వెదకమని పంపిన దాసుడు దేవుణ్ణి ఒక గుర్తు అడిగాడు, అది అడిగినట్టే నెరవేరింది. అయినా అతను తొందరపడలేదు. ఆ అమ్మాయి రిబ్కా ఒంటెలకు నీళ్లు తోడుతుంటే మౌనంగా గమనించాడు. ప్రయాణానికి ముందు ఇంటివాళ్లు ఆమెనే పిలిచి, వెళ్తావా అని అడిగారు. అంత స్పష్టమైన గుర్తు ఉన్నచోటే అమ్మాయి నోటి మాట కావలసి వచ్చింది!

మూడు నుంచి ఆరు నెలలు గడువు పెట్టుకోండి. పెళ్లయి కొన్నేళ్లయిన, మీరిద్దరూ గౌరవించే విశ్వాస దంపతులకు విషయం చెప్పండి. నలుగురి మధ్యే కలవండి. అతను ఎంత బాగా పాడతాడో, వాక్యం చెబుతాడో పక్కన పెట్టి, కూటం అయ్యాక కుర్చీలు సర్దే వేళ ఎక్కడుంటాడో చూడండి. తప్పు జరిగితే "సారీ" అని దాటేస్తాడా, ఫలానాది చేశానని ఒప్పుకుని సరిదిద్దుకుంటాడా? అతన్ని నిలదీసి అడగగల పెద్ద ఒకరైనా ఉన్నారా?

అప్పులు, జీతం, సంఘానికిచ్చే కానుకలు, మీ ఉద్యోగం, పిల్లలు, ఇరువైపుల తల్లిదండ్రుల బాధ్యత, పెళ్లయ్యాక ఏ సంఘానికి వెళ్లేది: ఇవన్నీ నిశ్చితార్థానికి ముందే మాట్లాడాలి. ఆ తర్వాతైతే నచ్చని జవాబు వచ్చినా, నలుగురూ ఏమంటారోనని సర్దుకుపోతారు.

ఇంకో జాగ్రత్త. రాత్రుళ్లు ఫోన్‌లో ఇద్దరే గంటల తరబడి ప్రార్థించుకోవడం ఈ దశలో వద్దు. ప్రార్థనలో మనసులోని గాయాలన్నీ బయటికొస్తాయి. మనిషి ఎలాంటివాడో తెలియకముందే దగ్గరితనం పెరిగిపోతుంది. తర్వాత లోపం కళ్లబడ్డా వద్దనడానికి నోరు రాదు. ఆ దంపతులతో కలిసి ప్రార్థించండి.

"నాకు ఇంకా సమయం కావాలి" అని ఒకసారి చెప్పి చూడండి. ఓపిక పడితే ముందుకు నడవవచ్చు. వచనాలు చూపించి బెదిరిస్తే అక్కడితో ఆపేయండి. మా మాటైతే అంతే.

ప్రశ్న: నేను బాప్టిస్టు, అతను కేథలిక్. ఇద్దరం యేసునే నమ్ముతున్నాం కదా, ఇబ్బందేముంటుంది?

జవాబు: అసలు చిక్కు పిల్లల బాప్తిస్మం దగ్గర వస్తుంది. 1983 నాటి కేథలిక్ సంఘ చట్టం (కానన్ లా) ప్రకారం మీ పెళ్లికి వాళ్ల సంఘాధికారి, సాధారణంగా బిషప్, అనుమతి కావాలి. పిల్లలకు కేథలిక్ సంఘంలో బాప్తిస్మం ఇప్పించి, ఆ విశ్వాసంలో పెంచడానికి శక్తిమేర ప్రయత్నిస్తానని అతను మాట ఇవ్వాలి. ఆ సంగతి మీకు తెలియజేస్తారు, మిమ్మల్ని మాట ఇమ్మని అడగరు. మీ సంఘంలోనేమో శిశువులకు బాప్తిస్మం ఇవ్వరు. ఫాదర్‌గారినీ మీ పాస్టర్‌గారినీ ఇద్దరూ కలిసి వెళ్లి కలవండి. తేదీ పెట్టుకోవడం ఆ తర్వాతే.

ప్రశ్న: పెళ్లయిన కొత్తలో మొదలుపెట్టిన కుటుంబ ప్రార్థన నెలకే ఆగిపోయింది. ఆయన రోజూ అరగంట ప్రసంగం చేస్తారు. ఎలా నిలబెట్టుకోవాలి?

జవాబు: పది నిమిషాలకు కుదించండి. రాత్రి భోజనం కాగానే, గిన్నెలు తీయకముందే కూర్చోండి. నిద్రమత్తులో పెట్టుకున్న ప్రార్థన నిలవదు. మార్కు సువార్తతో మొదలుపెట్టి రోజుకు ఒక్క సంఘటన చదవండి. ఒకరోజు ఆయన చదివితే మరునాడు మీరు. విన్నదాని మీద ఒక్కొక్కరు ఒక్క మాట, తర్వాత ఒకరి కోసం ఒకరు ప్రార్థన. "ప్రభువా, ఈయన కోపం తగ్గించు" లాంటి చురకలు మాత్రం వద్దు. ఆ మాట ఆయనతో విడిగా, నేరుగా చెప్పాలి. ఒకరోజు తప్పితే మరునాడు రెండు రోజుల భాగం చదవక్కర్లేదు, ఆగినచోటి నుంచే మళ్లీ మొదలుపెట్టండి.