బుధవారం వస్తే చాలు, కడుపునొప్పి అంటోంది

ప్రశ్న: మా పాప ఎనిమిదో తరగతి, మా టౌన్‌లోనే ఒక ప్రైవేటు స్కూల్లో చదువుతోంది. బుధ, శనివారాల్లో వైట్ డ్రెస్, తెల్ల కాన్వాస్ బూట్లు వేసుకోవాలి. పోయిన ఏడాది పెద్దమనిషి అయ్యింది. ఈ జూన్ నుంచి ఆ రెండు రోజులూ పొద్దున లేవగానే కడుపునొప్పి అంటోంది. నేను జ్వరమని లీవ్ లెటర్ రాసి పంపుతున్నాను. ఒక బుధవారం మామూలు నీలం యూనిఫాం, నల్ల బూట్లతో పంపితే పీఈటీ సారు ప్రేయర్ అయ్యాక రెండు క్లాసులు అయ్యేదాకా గ్రౌండ్‌లో నిలబెట్టారట. ఆ రోజు తనకు నెలసరి. మా వారేమో ‘రూల్ అంటే రూలే. నెలకోసారి వచ్చేదానికి వారానికి రెండు రోజులు మానడమేంటి? నువ్వే గారాబం చేస్తున్నావు’ అంటున్నారు. ఇంట్లో రోజూ ఇదే గొడవ. స్కూలు మార్చాలా, మేమే సర్దుకోవాలా?
– ఒక తల్లి, ఖమ్మం జిల్లా

సమాధానం: మీ పాప అబద్ధం ఆడటం లేదమ్మా. ముందు ఈ సంగతి మీ వారికి అర్థమవ్వాలి. ఆయన అడిగింది పైకి సబబుగానే ఉంటుంది. కానీ రజస్వల అయిన మొదటి రెండు మూడేళ్లు చాలామంది ఆడపిల్లలకు నెలసరి తేదీ ప్రకారం రాదు. ఒకసారి 21 రోజులకే వస్తుంది, ఇంకోసారి 45 రోజులైనా రాదు. ఆ వయసుకి అది మామూలే. అంటే ఏ బుధవారం వస్తుందో తనకే తెలియదు. తెల్ల ప్యాంటు వేసుకుని మగపిల్లల మధ్య డ్రిల్లు చేయాల్సిన ప్రతి రోజూ తనకు భయమే. అంత భయం మనసులో పెట్టుకున్న పిల్లకు కడుపు నిజంగానే నొప్పి పుడుతుంది. పిల్లల టెన్షన్ చాలాసార్లు కడుపునొప్పిగానే బయటపడుతుంది.

అలాగని డాక్టర్ దగ్గరికి వెళ్లడం మానకండి. బ్లీడింగ్ ఏడు రోజులు దాటుతున్నా, గంటా రెండు గంటలకో ప్యాడ్ మార్చాల్సి వస్తున్నా, నొప్పికి మంచం దిగలేకపోతున్నా లేడీ డాక్టర్‌కి ఒకసారి చూపించండి. రక్తహీనత ఉందేమో హిమోగ్లోబిన్ పరీక్ష కూడా చేయించండి.

ఇక స్కూలు రూల్ సంగతి. యూనిఫాం వద్దనే మనిషిని కాదు నేను. ఒకే బెంచీలో కూర్చున్న నలుగురు పిల్లల్లో ఎవరి నాన్నకు ఎంత జీతమో బట్టల్ని బట్టి తెలియకూడదు. రోజుకో కొత్త డ్రెస్ కొనలేని ఇళ్లకు యూనిఫాం పెద్ద ఊరట. బూట్ల మీద పట్టింపుకీ అర్థముంది. చెప్పులు లేకుండా బడికి నడిచిన తరం మనకు ఇంకా కళ్ల ముందే ఉంది. మీ వారి ఇంట్లోనూ ఆ జ్ఞాపకం ఉంటే, పాలిష్ చేసిన బూట్లతో కూతురు బడికి వెళ్లడం ఆయనకు ఎంత గొప్పో ఊహించగలను. ఆయన మాటలో మొండితనం ఒక్కటే వినకండి.

కానీ స్కూళ్లు ఒక పెద్ద పొరపాటు చేస్తున్నాయి. బట్టలు, బూట్లు కొనేది పెద్దవాళ్లు, శిక్ష పడేది పిల్లలకు. జూన్‌లో కొన్న బూటు సంక్రాంతికల్లా బిగుతవుతుంది. ఎదిగే కాలు మరి. ఆ నెలలో ఇంట్లో డబ్బు ఆడకపోతే కాలు నొక్కుకుంటూ నడిచేది పాప, చిరిగిన బూటుతో లైన్లో తల దించుకునేది పాప. వానకు బురదైన కాన్వాస్ బూట్లకు ప్రేయర్‌కి ముందు చాక్‌పీస్ రుద్దుకునే పిల్లల్ని ఏ స్కూలు గేటు దగ్గర చూసినా కనిపిస్తారు. వాళ్లు శుభ్రత నేర్చుకుంటున్నారని నేననుకోను. దొరకకుండా ఉండటం నేర్చుకుంటున్నారు. రూల్ గట్టిగా ఉండాలంటే ఉండనివ్వండి. ఆ గట్టితనం తల్లిదండ్రుల మీద చూపించాలి. డైరీలో రాయాలి, ఫోన్ చేయాలి, రెండు వారాల టైమ్ ఇవ్వాలి. అప్పటిదాకా బిడ్డ క్లాసులోనే కూర్చోవాలి. రెండు క్లాసుల పాఠం పోగొట్టి నేర్పే క్రమశిక్షణ ఏమిటో నాకు అర్థం కాదు.

2017లో హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు స్కూలు యూనిఫాం వేసుకురాలేదని పదకొండేళ్ల పాపను మగపిల్లల టాయిలెట్‌లో నిలబెట్టిందన్న వార్త మీకు గుర్తుండే ఉంటుంది. రూల్ తప్పితే ఏం చేయాలో, ఏం చేయకూడదో రాసి పెట్టుకోని చోట ఇంతదాకా వస్తుంది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. ప్రైవేటు స్కూలుకూ అది వర్తిస్తుంది. మీ పాపకు జరిగింది ఆ కోవలోకే వస్తుందని నా అభిప్రాయం.

తెల్ల రంగు గురించి మీ వారికి ఒక్క ఉదాహరణ చెప్పండి. వింబుల్డన్ టెన్నిస్‌లో ఆటగాళ్లు తలనుంచి కాలిదాకా తెల్లబట్టలే వేసుకోవాలి. అంత కచ్చితమైన రూల్ ఉన్న చోట కూడా 2023 నుంచి ఆడవాళ్లు స్కర్టు లోపల ముదురు రంగు షార్ట్స్ వేసుకోవచ్చని సడలించారు. నెలసరి రోజుల్లో మరక భయంతో ఆడలేకపోతున్నామని క్రీడాకారిణులు నోరు విప్పి చెప్పాకే అది మారింది. ప్రపంచ స్థాయిలో ఆడేవాళ్లకే అంత భయం ఉంటే పదమూడేళ్ల పిల్లకు ఎంత ఉండాలి?

ఇప్పుడు చేయాల్సిన పనులు. జ్వరమని రాయడం ఈ రోజే ఆపేయండి. మీరు కాపాడుతున్నాననుకుంటున్నారు, కానీ ఆ కాగితం చూసిన ప్రతిసారీ ‘నాకు వచ్చింది బయటికి చెప్పకూడనిది’ అని పాప అనుకుంటుంది. పైగా మీ ఉత్తరాల్లో జ్వరం తప్ప ఇంకేమీ లేకపోతే అసలు కారణం ప్రిన్సిపాల్‌కి ఎలా తెలుస్తుంది? ‘నెలసరి నొప్పి’ అని క్లాస్ టీచర్‌కి సూటిగా రాయండి.

స్కూలుకి వెళ్లేముందు పాపతో కూర్చుని మాట్లాడండి. ఆ రోజు గ్రౌండ్‌లో నిలబడటం నీ తప్పు కాదని మీ నోటితో చెప్పండి, వీలైతే వాళ్ల నాన్న నోటితో కూడా. తన మీద ఆయనకు కోపం లేదని తెలియడం ఆ పిల్లకు ఇప్పుడు చాలా అవసరం. తర్వాత, నేను వెళ్లి మాట్లాడనా అని అడగండి. ‘వద్దమ్మా, అందరికీ తెలిసిపోతుంది’ అని బతిమాలుతుందేమో. ఆ భయం సహజం. అందుకే ఇంకొందరు తల్లులతో కలిసి ప్రిన్సిపాల్‌కి ఇవ్వబోయే ఉత్తరంలో మీ పాప పేరు ఉండకూడదు.

ఆరో తరగతి పైబడిన అమ్మాయిల తల్లుల్ని నలుగురైదుగుర్ని కలుపుకోండి. మీరొక్కరే అనుకుంటున్నారు గానీ, బుధ, శనివారాల హాజరు పట్టీ తీసి చూస్తే ఇంకొంతమంది ఆడపిల్లల పేర్లు కూడా కనిపిస్తాయేమో. ఉత్తరంలో రూల్ తీసేయమని అడగకండి. పీటీ రోజుల్లో అమ్మాయిలు తెల్ల టీషర్టు కింద నేవీ బ్లూ ట్రాక్ ప్యాంటు వేసుకునేలా మార్చమని అడగండి. యూనిఫాం యూనిఫాంగానే ఉంటుంది. దాంతో పాటు టాయిలెట్‌కి గడియ, నీళ్లు, చెత్తడబ్బా, అత్యవసరానికి లేడీ టీచర్ దగ్గర రెండు ప్యాడ్లు, ఒక ముదురు రంగు ప్యాంటు ఉంచమనండి. బూట్ల విషయంలో బిడ్డను బయట నిలబెట్టకుండా డైరీలో రాయమనండి. చట్టం మాట మొదటి ఉత్తరంలో వద్దు. పీఈటీ సారు మీద కోపం కూడా పక్కన పెట్టండి. ఆయనకు పై నుంచి వచ్చిన ఆర్డర్ అదే అయ్యుండొచ్చు. ఉత్తరం ఇచ్చి, రసీదుగా కాపీ మీద సంతకం తీసుకోండి.

ఈలోగా వైట్ డ్రెస్ లోపల వేసుకోవడానికి ముదురు రంగు సైక్లింగ్ షార్ట్స్ రెండు కొనండి. బ్యాగులో చిన్న పర్సులో ప్యాడ్లు, మార్చుకోవడానికి ఒక జత లోదుస్తులు పెట్టండి. కాన్వాస్ బూట్లు కాలికి సరిపోతున్నాయో లేదో కూడా చూడండి. చిన్నవైపోయినా ఇంట్లో గొడవ చూసి అడగలేక ఊరుకుంటుందేమో.

స్కూలు మార్చడం ఇప్పుడే వద్దు. ఏడాది మధ్యలో స్నేహితుల్ని పోగొట్టుకుంటుంది, వెళ్లిన చోటా వైట్ డ్రెస్సే ఉండొచ్చు. ఉత్తరం ఇచ్చాక నెల రోజుల్లో కదలిక లేకపోతే మండల విద్యాధికారికి, అక్కడా కాకపోతే జిల్లా విద్యాధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి. ఉత్తరం ఇచ్చారని పాపను వేధిస్తే మాత్రం నెల ఆగొద్దు. 1098 చైల్డ్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి, అప్పుడు స్కూలు మార్చే ఆలోచనా చేయండి.

మీ వారిని కూడా ప్రిన్సిపాల్ దగ్గరికి తీసుకెళ్లండి. ఆయన మాట్లాడకపోయినా పర్వాలేదు, పక్కన కూర్చుంటే చాలు. రూల్ అంటే రూలే అనే నాన్న వచ్చి ‘ఇది కాస్త మార్చండి సార్’ అని ఒక్క మాట అంటే దాన్ని తేలిగ్గా తీసిపారేయలేరు.