పాత గిటార్ ఆంప్‌కు కొత్త స్పీకర్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా చిన్నాన్న అమెరికా నుంచి తెచ్చుకున్న 1970ల నాటి ఫెండర్ డీలక్స్ రివర్బ్ ఆంప్ ఇప్పుడు నా దగ్గరుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వాడుతున్నాను. లావు తీగలు మీటితే బర్రుమంటోంది సార్. ఇక్కడ ఒక సౌండ్ షాపులో చూపిస్తే స్పీకర్ పోయింది, 300 వాట్లది కొత్తది వేస్తాం, పాతది మాకిచ్చేయండి అన్నారు. వేయించమంటారా?
– ఒక పాఠకుడు, కొర్లగుంట, తిరుపతి

జవాబు: వద్దండీ, పాతది మాత్రం అస్సలు ఇవ్వకండి. దాని ఫ్రేమ్ అంచు మీద ఒక నంబరు గుద్ది ఉంటుంది, చూడండి. 465తో మొదలైతే ఆక్స్‌ఫర్డ్, 220 అయితే జెన్సన్, 137 అయితే సీటీఎస్ వాళ్లది. ఆ తర్వాత వచ్చేది తయారైన సంవత్సరం, చివరి రెండంకెలు ఎన్నో వారమో చెబుతాయి. ఆంప్‌తో పాటే వచ్చిన స్పీకరని తేలితే ఆ రెండూ కలిసి ఉంటేనే విలువ, ఒకసారి చేజారితే అలాంటిది మళ్లీ దొరకడం చాలా కష్టం.

అసలు స్పీకరే పోయిందా అన్నది ముందు తేల్చుకోవాలి. తెలిసినవాళ్ల దగ్గర 8 ఓమ్స్ (స్పీకర్ కరెంటుకు చూపే అడ్డు, ఆంప్‌కు సరిపోవాలి) గిటార్ క్యాబినెట్, అంటే విడిగా ఉండే స్పీకర్ డబ్బా ఉంటే, ఆంప్ ఆపి, మీ స్పీకర్ వైరు తీసి దానికి కలిపి వాయించండి. అక్కడా బర్రుమంటే లోపం వాల్వుల్లోనో (ఆంప్‌లో వెలిగే గాజు గొట్టాలు), వదులైన స్క్రూలోనో ఉంది, స్పీకర్‌ది కాదు. అక్కడ బాగుంటే మీ స్పీకర్ కోన్‌ను, అంటే ముందున్న కాగితపు గరాటును వేళ్లతో అన్ని వైపులా సమంగా, మెల్లగా నొక్కండి. గరగరమని రాసుకుంటే వాయిస్ కాయిల్ (కోన్ వెనక ఉండే తీగచుట్ట) పక్కకు జరిగినట్టే, అప్పుడు రీకోనింగ్, అంటే కోన్, కాయిల్ కొత్తవి వేయించొచ్చు. జాతరలకీ పెళ్లిళ్లకీ సౌండ్ పెట్టే మన మైక్‌సెట్ వాళ్లకు ఆ పని బాగా వచ్చు, కానీ వాళ్ల దగ్గరుండే కోన్ మైక్‌సెట్‌ది, అంచుకు గుడ్డ ఉండి గట్టిగా ఉంటుంది. గిటార్ స్పీకర్‌కు అంచు దాకా పలచటి కాగితమే ఉండాలి. ఆ కాగితం దొరకదంటే పని ఆపించి, చెన్నైలో ఎలక్ట్రానిక్స్ సామాన్ల బజారైన రిచీ స్ట్రీట్‌లో విచారించండి, అంతేగానీ ఏదో ఒకటి అతికించనివ్వకండి.

కొత్తదే కొనాలంటే మొదట చూడాల్సింది ఓమ్స్. మీ ఆంప్‌కు 12 అంగుళాల 8 ఓమ్స్ స్పీకర్ ఒకటే కావాలి. ఒకే మోడల్ 8లోనూ 16లోనూ వస్తుంది కాబట్టి కొనేటప్పుడు వెనక రాసింది చదవండి. మల్టీమీటర్ పెడితే 8 ఓమ్స్‌ది 6, 7 దగ్గర చూపిస్తుంది, అది మామూలే, టెన్షన్ పడకండి. స్పీకర్ కలపకుండా వాల్వ్ ఆంప్‌ను ఆన్ చేయొద్దు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయే ప్రమాదం ఉంది.

ఇక వాట్లు. మీ ఆంప్ 22 వాట్లది, ఫుల్లుగా పెడితే అంతకన్నా ఎక్కువే ఇస్తుంది. సెలెషన్ కంపెనీ 25 వాట్ల గ్రీన్‌బ్యాక్ స్పీకర్ అందుకే కాస్త ఇరుకు, 40 నుంచి 60 వాట్లది నిశ్చింత. షాపువాళ్లు చెప్పిన 300 వాట్లది మైక్‌సెట్ స్పీకరే అయ్యుంటుంది, అది పెడితే ఆంప్ చెడిపోదు గానీ గిటార్ గిటార్‌లా వినిపించదు. గిటార్ స్పీకర్ దాదాపు 5 కిలోహెర్ట్జ్ దాటాక పై శబ్దాలను తగ్గించేస్తుంది, మైక్‌సెట్‌ది వాటినీ పలికిస్తుంది, దాంతో డిస్టార్షన్ చెవిలో గుచ్చుకుంటుంది. డబ్బా మీద డెసిబెల్స్ (అదే కరెంటుకు ఎంత గట్టిగా పలుకుతుందో చెప్పే అంకె) కూడా చూడండి, 97 బదులు 100 ఉన్నది తీసుకుంటే ఆంప్ వాట్లు రెట్టింపు చేసినంత తేడా. సెలెషన్ వింటేజ్ 30 స్పీకర్ ఆ 100 డెసిబెల్స్‌ది, 60 వాట్లు. కానీ దాని మధ్య స్వరాలు బాగా ముందుకొస్తాయి, నాకైతే ఈ ఆంప్‌కు అంత నచ్చదు, ఒకసారి విని కొనండి.

మార్చేటప్పుడు ప్లగ్ తీసి, వాల్వులు చల్లారాక, ఆంప్‌ను బోర్లా పడుకోబెట్టి వెనక పలక విప్పండి. పైనున్న ఛాసిస్ (సర్క్యూట్ బిగించిన లోహపు పెట్టె) జోలికి పోవద్దు, ప్లగ్ తీసినా కెపాసిటర్లలో 400 వోల్టుల దాకా నిలిచి ఉండొచ్చు. స్క్రూడ్రైవర్‌ను అయస్కాంతం లాగేసుకుంటుంది, చెయ్యి జారితే కోన్‌కు చిల్లే. నట్లు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించండి, మరీ బిగిస్తే ఫ్రేమ్ వంకరపోతుంది.

ప్రశ్న: కోన్‌కు అర అంగుళం చిరుగు ఉంది. స్పీకర్ మార్చాల్సిందేనా?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: అవసరం లేదమ్మా. పలచటి టిష్యూ కాగితం ముక్క, నీళ్లు కలిపిన ఫెవికాల్ చాలు. రెండు వైపులా పలచగా అతికించి, ఒక రాత్రి ఆరనివ్వండి. మందంగా పూస్తే కోన్ బరువెక్కుతుంది.

ప్రశ్న: రెండు స్పీకర్లున్న ఆంప్‌లో ఒకటే మార్చాను. బేస్ పోయింది, ఎందుకు?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: వైర్లు తారుమారై ఉంటాయి. ఆంప్ నుంచి స్పీకర్ వైరు తీసేసి, ఒక్కో స్పీకర్‌కు 1.5 వోల్టుల బ్యాటరీని క్షణం పాటు తాకించండి. ప్లస్‌కు ప్లస్ తాకినప్పుడు రెండు కోన్లూ ఒకే వైపు కదలాలి. ఒకటి ముందుకు, ఇంకొకటి వెనక్కి పోతే ఒకదాని వైర్లు మార్చేయండి, బేస్ తిరిగొస్తుంది.